సంచిలో పట్టే లెన్సే కొండ ఎక్కుతుంది

మద్దిలపాలెం: తెల్లవారుజామున మద్దిలపాలెం కూడలిలో బస్సు కోసం నిలబడేవారిలో కెమెరా సంచి తగిలించుకున్న కుర్రకారు కూడా ఉంటోంది. రహదారి వెంట మధురవాడ వైపు వెళితే కంబాలకొండ అభయారణ్యం. అనకాపల్లి వైపు వెళితే కొండకర్ల ఆవ. ఎటు వెళ్లినా దిగాక నడకే. ఆవలో అయితే తాటి దోనె ఎక్కాలి. ఈ దారులకు ఎలాంటి లెన్సు కొనాలన్నది చిన్న ప్రశ్నేమీ కాదు. ఊళ్లో పెళ్లి ఫొటోలు తీసి ఇల్లు నెట్టుకొచ్చే వారికీ ఈ ముచ్చట ఉంది. ఒక సీజను సంపాదనంతా పోసి కొన్న లెన్సు బీరువాలో పడి ఉంటే ఆ దెబ్బ ఇంటిల్లిపాదికీ తగులుతుంది.

దుకాణంలో ముందు కంటికి ఆనేది 150-600 మిల్లీమీటర్ల జూమ్. అంకె పెద్దది, మోజూ పెద్దదే. సిగ్మా వారి తేలిక రకమే దాదాపు రెండు కిలోలు తూగుతుంది. దోనెలో దాన్ని ఎత్తి పట్టుకుని కూర్చుంటే కాసేపటికే చేతులు లాగేస్తాయి, స్టాండు వేయడానికి చోటుండదు. కెనాన్ 55-250 ఎస్‌టీఎం 375 గ్రాములు. నికాన్ ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 వీఆర్ 415 గ్రాములు. అన్నం క్యారేజీ పక్కన ఇమిడిపోతాయి.

మరి పిట్ట అందుతుందా? నికాన్ డీఎక్స్ కెమెరాలో బొమ్మ పడే పలక వెడల్పు 23.5 మి.మీ. లెన్సును 300 దగ్గర పెట్టి 30 మీటర్ల దూరం చూస్తే ఫ్రేములో పట్టేది సుమారు 2.35 మీటర్లు. అందులో పెద్ద కొంగ బాగానే కనబడుతుంది. జానెడు దాటిన లకుముకి పిట్ట మాత్రం ఎనిమిదో వంతే. 15 మీటర్లకు చేరితే నాలుగో వంతు అవుతుంది. 600 లెన్సు చేసే పనిని సగం దూరం నడిచి 300తో చేయవచ్చన్నమాట. పిట్ట ఎగిరిపోకుండా దగ్గరకు చేరే విద్య ఏ దుకాణంలోనూ దొరకదు. పొలం గట్ల మీద పెరిగినవారికి అది కొంత వచ్చే ఉంటుంది.

చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు లెన్సులో తప్పనిసరిగా ఉండాలి. మార్చుకునే లెన్సుల్లో దీన్ని మొదట 1995లో కెనాన్ 75-300 జూమ్‌లో పెట్టారు. తమాషా ఏమంటే, అదే అంకెలతో చౌకగా వచ్చిన 75-300 మూడో రకంలో అది లేదు. నికాన్ 70-300లోనూ వీఆర్ ఉన్నదీ లేనిదీ రెండూ వచ్చాయి, చూపుకు ఒకేలా ఉంటాయి. పేరు చివరిదాకా చదవాలి. అయితే ఈ ఏర్పాటు ఆపేది చేతి కదలికనే. ఎగిరే కొంగకు షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతైనా కావాలి, అందుకు వెలుతురు కావాలి. చెట్ల నీడలో ఈ తేలిక లెన్సులు కొంత ఇబ్బంది పెడతాయి. మిట్టమధ్యాహ్నం నీటిపై గాలి మరిగినట్లు ఆడుతుంటే ఎంత ఖరీదు లెన్సయినా బొమ్మ అలుక్కుపోతుంది. పొద్దుటి పూటే మేలు.

సొంత కెమెరా వెంట తీసుకెళ్లకుండా బేరం చేయరాదు. ఏఎఫ్-పీ రకం లెన్సు డీ3100 వంటి పాత నికాన్ బాడీలపై ఫోకస్ కాదు. పాతది కొంటే లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది బూజు. ఎంత తగ్గించినా వదిలేయడమే మంచిది.

సముద్రపు తేమ ఉన్న ఈ ప్రాంతంలో కొత్త లెన్సుకూ బూజు భయం ఉంది. తోలు సంచిలో దాచకూడదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలి. వానాకాలంలో పొట్లాలు తరచు మార్చాలి. బీచిలో ఫొటోలు తీసిన రోజు ఉప్పు తుంపరను మెత్తని బట్టతో తుడిచాకే లోపల పెట్టాలి.