ఎక్స్‌టెన్షన్ బాక్సుకు హీటర్ రాడ్ తగిలించవద్దు

చలికాలంలో అబ్దుల్లాపూర్‌మెట్‌లోని అద్దె గదుల్లో చాలామంది హీటర్ రాడ్‌ను ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి నీళ్లు కాచుకుంటారు. ఇది ప్రమాదకరం. ఎందుకో తెలుసుకుందాం.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు తెలుస్తాయి. 1500 వాట్ల రాడ్ సుమారు 6.5 ఆంపియర్లు లాగుతుంది. చిన్న సాకెట్టు తట్టుకునేది 6 ఆంపియర్లే. అదే బాక్సుకు ఫ్యాను, ఛార్జర్ కూడా ఉంటే లోడు ఇంకా పెరుగుతుంది. వైరు వేడెక్కి, పైతొడుగు కరిగి నిప్పు అంటుకోవచ్చు.

జాగ్రత్తలు:

1. రాడ్, గీజర్ గోడకున్న 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టుకే పెట్టండి.
2. ప్లగ్గుకున్న మూడో పిన్ను ఎర్త్. లీకైన కరెంటును అది భూమిలోకి పంపుతుంది. దాన్ని విరగ్గొట్టకండి.
3. స్విచ్ ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లలో చేయి పెట్టండి.
4. బాక్సును తడి నేలపైన, చాప కింద ఉంచకండి.

షాక్ కొడితే:

ఆ మనిషిని ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. వీలుకాకపోతే పొడి కర్రతో వైరును తప్పించండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100–120 సార్లు గట్టిగా నొక్కండి. తేరుకున్నా సరే, ఆస్పత్రికి తీసుకురండి. గుండె లయ తప్పి ఉండవచ్చు.

ప్రాణం దేవుడిచ్చిన వరం. దాన్ని కాపాడుకోవడం మన బాధ్యత.