బంతి ఎంత దూరం వెళ్తే అంత కోర్సు

గోల్ఫ్ కోర్సులో కోతలు ఎక్కువగా వినిపించే చోటు మొదటి టీ. "నా డ్రైవరు ఎంత లేదన్నా 220 గజాలు వెళ్తుందండీ" అంటాడు డెబ్బై దాటిన పెద్దమనిషి. వెళ్తుంది, కాదనను. మే నెలలో ఫెయిర్‌వే ఎండి గట్టిపడి, నేల కాస్త వాలుగా ఉండి, గాలి వెనకనుంచి వీస్తే వెళ్తుంది. మిగతా రోజుల్లో 180 దగ్గర ఆగిపోతుంది. ఆ నలభై గజాల తేడా ఒప్పుకోలేక, ఆడిన ప్రతిసారీ ఉసూరుమంటూ ఇంటికెళ్లి, చివరికి కిట్ అటకెక్కించినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

నాకిప్పుడు 72. విశాఖలో సర్వే ఇంజనీరుగా పనిచేసే రోజుల్లో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో ఈ ఆట అంటుకుంది. రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చేశాం, ఆట మాత్రం వదల్లేదు. ఉద్యోగమంతా గొలుసులూ టేపులూ పట్టుకుని గడిపినవాణ్ని కాబట్టి ఈ సంగతీ కొలతల్లోనే చెబుతాను.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. ప్రతి హోల్‌కీ ఆట మొదలుపెట్టే చదునైన గడ్డి గద్దె ఒకటి ఉంటుంది, అదే టీ. అక్కణ్నుంచి బంతిని కొట్టి, ఫెయిర్‌వే మీదుగా జెండా పాతిన గ్రీన్ మీదికి చేర్చి, గుంతలో వెయ్యాలి. 18 హోల్స్ అయితే ఒక రౌండు. బంతిని కొట్టే కర్రలని క్లబ్బులంటారు: అన్నిటికంటే దూరం పంపేది డ్రైవరు, తర్వాత వుడ్, హైబ్రిడ్, ఐరన్లు, దగ్గరి దెబ్బలకి వెడ్జి. అయితే ఒక్కో హోల్‌కి ఉండే టీ ఒకటి కాదు. ఒకదాని ముందు ఒకటిగా మూడు, నాలుగు, కొన్నిచోట్ల ఆరు కూడా ఉంటాయి. మన దేశంలో చాలా క్లబ్బుల్లో వెనకది నలుపో నీలమో, మధ్యది తెలుపు, ముందుది ఎరుపు. వెనకనుంచి 6,500 గజాలు దాటే కోర్సే ముందు టీల నుంచి 5,000 చిల్లరకి వచ్చేస్తుంది. పిచ్ అందరికీ ఒకే కొలత ఉండే క్రికెట్‌లో ఈ వెసులుబాటు లేదు. గోల్ఫ్‌లో మాత్రం ఎవరి పొడవు వాళ్లే ఎంచుకోవచ్చు.

డిజైనరు అడిగే ప్రశ్న

హోల్‌కి పార్, అంటే బాగా ఆడేవాడు ఎన్ని దెబ్బల్లో పూర్తిచెయ్యాలో నిర్ణయించేటప్పుడు, గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బలు, అంటే పట్లు, రెండు పడతాయని లెక్క వేస్తారు. అంటే పార్ 4 హోల్‌లో రెండు దెబ్బల్లో గ్రీన్ చేరాలి. పార్ 3లో ఒకటి, పార్ 5లో మూడు. కోర్సు గీసినవాడు మొదటి దెబ్బ ఎక్కడ పడుతుందో ఊహించి, అక్కడ ఒక పక్క ఇసుక గుంత, అంటే బంకరు పెడతాడు, ఇంకో పక్క చెరువు తవ్విస్తాడు. కుడివైపు కొడతావా, ఎడమవైపు కొడతావా, దాటిస్తావా, ఆగుతావా అని అడుగుతాడు. ఆట రుచంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఒక పార్ 4 తీసుకుందాం. తెల్ల టీ నుంచి 395 గజాలు. 185 గజాల దగ్గర మొదలై 200 దాకా అడ్డంగా ఒక నాలా. ముప్పై ఏళ్ల కుర్రాడు డ్రైవరుతో నాలా మీదుగా ఎగరేసి 235 కొడతాడు. గ్రీన్‌కి ఇంకా 160 మిగులుతుంది, ఐరన్ తీస్తాడు. అదే టీ నుంచి నా బంతి గాల్లో 165 వెళ్తుంది, నేల మీద దొర్లి 180 దగ్గర ఆగుతుంది. అంటే సూటిగా నాలా ఒడ్డుకే. అందుకే కిట్ మోసే క్యాడీ డ్రైవరు చేతికివ్వడు. "సార్, సెవెన్ ఐరన్ తీసుకోండ్రి, నాలా ముంగట్నే ఆపుండ్రి" అంటాడు. ఆపుతాను. ఇంకా 270 గజాలు ఉంటాయి. వుడ్‌తో ఎంత బాగా కొట్టినా గ్రీన్ అందదు. కుర్రాడిని అడిగిన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నా పని గడ్డి మీద బంతిని ముందుకి నెట్టుకుంటూ పోవడమే అయింది.

ఇప్పుడు ఎర్ర టీకి వెళ్దాం, 60 గజాలు ముందుకి. హోల్ 335 అయింది. నాలా 125 నుంచి 140 మధ్యలోకి వచ్చింది. నా 165 గజాల బంతి దాన్ని దాటుతుంది, 180 దగ్గర ఆగుతుంది. మిగిలింది 155. హైబ్రిడ్ తీసి గ్రీన్ మీదికి గురిపెడతాను. కుర్రాడికీ నాకూ ఇప్పుడు ఒకటే పరీక్ష. సరిగ్గా తగలకపోతే నాలాలో పడే భయం కూడా ఇద్దరికీ సమానమే. ముందు టీ ఆటని తేలిక చేస్తుందనుకోవడం పొరపాటు. ఆ హోల్‌ని గీసినవాడు అనుకున్నట్టు ఆడే అవకాశం ఇస్తుంది, అంతే.

వయసు పట్టుకెళ్లేది ఎంత

వయసుతో తగ్గేది క్లబ్ వేగం. నడుము తిరగడం తగ్గుతుంది, భుజం పట్టేస్తుంది, మణికట్టు బిగుసుకుంటుంది. డ్రైవరు తల వేగం గంటకి ఒక మైలు తగ్గితే దూరం సుమారు రెండున్నర గజాలు తగ్గుతుందని ఆటలో వాడుక లెక్క. పది మైళ్లు తగ్గితే పాతిక గజాలు పోయినట్టే. ఇది ఒక్క డ్రైవరుతో ఆగదు, కిట్‌లో ఉన్న ప్రతి క్లబ్బూ తన వాటా తగ్గించుకుంటుంది.

దీనికి తోడు ఇంకోటుంది. వేగం తగ్గితే పొడవాటి ఐరన్లు బంతిని పైకి లేపలేవు. తక్కువ ఎత్తులో వెళ్లిన బంతి గ్రీన్ మీద ఆగదు, దొర్లుకుంటూ అవతలికి పోతుంది. ఒకప్పుడు ఐదో ఐరన్‌కీ ఏడో ఐరన్‌కీ మధ్య స్పష్టంగా కనిపించే తేడా కూడా కుంచించుకుపోతుంది. అందుకని గ్రీన్‌కి 200 గజాలు మిగలడం పెద్దవాళ్లకి వట్టి దూరం సమస్య కాదు. ఆ దెబ్బకి సరిపోయే క్లబ్బే కిట్‌లో ఉండదు. దాన్ని బలంతో పూడ్చాలని చూస్తే నడుం పట్టేస్తుంది. ముందు టీకి మారమని మా ఫిజియోథెరపిస్టు కూడా చెబుతుంది, ఆవిడకి గోల్ఫ్ రాకపోయినా.

మన వాతావరణాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నేల గట్టిగా ఉండి బంతి పాతిక గజాలు దొర్లుతుంది. ఆగస్టులో అదే బంతి పడ్డచోటే కూరుకుపోతుంది. వేసవిలో తెల్ల టీ నుంచి హాయిగా ఆడిన మనిషి వానల్లో ఎర్ర టీకి వెళ్తే అందులో చిన్నతనం ఏమీ లేదు.

లెక్క చాలా సులువు

తగిన పొడవు తేల్చుకోవడానికి గోల్ఫర్లు వాడే సూత్రం ఒకటుంది. మీ ఐదో ఐరన్ మామూలుగా ఎన్ని గజాలు వెళ్తుందో చూసి, దాన్ని 36తో హెచ్చవేయండి. వచ్చిందే మీకు తగిన 18 హోల్స్ పొడవు. నాది 130. హెచ్చవేస్తే 4,680 గజాలు.

ఆ 36 నాకెందుకు నచ్చిందంటే, పార్ 72 కోర్సులో సాధారణంగా నాలుగు పార్ 3లు, పది పార్ 4లు, నాలుగు పార్ 5లు ఉంటాయి. గ్రీన్ చేరడానికి వాటిలో కావలసిన దెబ్బలు 4, 20, 12. కలిపితే సరిగ్గా 36. డ్రైవరు దెబ్బలు పొడవు, పార్ 3 దెబ్బలు పొట్టి, అన్నీ సగటు చేస్తే ఐదో ఐరన్ చుట్టుపక్కలకి వస్తాయి. ఈ మధ్య చాలామంది ఐదో ఐరన్ తీసేసి హైబ్రిడ్ పెట్టుకుంటున్నారు. దాని దూరమే వాడుకోండి.

డ్రైవరుని బట్టి చూసుకునే పట్టిక కూడా ఉంది. 2011లో అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ, అక్కడి ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా కలిసి 'టీ ఇట్ ఫార్వర్డ్' పేరుతో ఒక ప్రచారం మొదలుపెట్టాయి. ఆలోచన ఆడమ్స్ గోల్ఫ్ కంపెనీ పెట్టిన బార్నీ ఆడమ్స్‌ది. ఆ పట్టిక ప్రకారం డ్రైవరు సగటున 250 గజాలు కొట్టేవాళ్లకి 6,200 నుంచి 6,400 గజాల కోర్సు తగింది. 225 కొడితే 5,800 నుంచి 6,000. 200 కొడితే 5,200 నుంచి 5,400. 175 కొడితే 4,400 నుంచి 4,600. 150 కొడితే 3,500 నుంచి 3,700. నా 180ని ఈ పట్టికలో పెట్టినా ఐదో ఐరన్ లెక్కకి దగ్గరగానే తేలుతుంది.

రెండు లెక్కలూ మీరిచ్చే అంకె నిజమైతేనే పనికొస్తాయి. ప్రాక్టీస్ రేంజిలో పది బంతులు కొట్టండి. బాగా దూరం వెళ్లిన రెండూ, బాగా చెడిన రెండూ తీసేసి, మిగిలిన ఆరింటి సగటు కట్టండి. నిరుడు కొట్టిన గొప్ప షాటు లెక్కలోకి రాదు.

కొలిచే ఓపిక లేకపోతే ఆడిన రౌండునే అడగండి. పార్ 3లో డ్రైవరు తీయాల్సి వస్తోందా? బాగా తగిలిన డ్రైవరు తర్వాత కూడా సగానికి పైగా పార్ 4ల్లో గ్రీన్ అందడం లేదా? ఈ రెంటికీ జవాబు అవునైతే ఒక టీ ముందుకి జరగండి. రౌండంతా చిన్న వెడ్జిలతోనే అయిపోతుంటే, డ్రైవరు తీయాల్సిన అవసరమే రాకపోతే ఒక టీ వెనక్కి వెళ్లండి. మరీ పొట్టి కోర్సూ విసుగే.

పందెం మాటేమిటి?

"నువ్వు ముందునుంచి, నేను వెనకనుంచి ఆడితే పందెం ఎట్లా తేలుతుంది?" నేను ఎర్ర టీ మాట ఎత్తగానే మా నలుగురి ఫోర్‌బాల్‌లోని రిటైర్డ్ కర్నల్ గారు అడిగిన మొదటి ప్రశ్న ఇది. దానికి హ్యాండిక్యాప్ విధానమే, అంటే తక్కువ ఆటగాడికి కొన్ని దెబ్బలు మినహాయించే పద్ధతే, జవాబు చెబుతుంది. 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో ప్రతి టీకీ విడిగా కోర్స్ రేటింగ్, స్లోప్ రేటింగ్ ఇస్తారు. మొదటిది మంచి ఆటగాడికి ఆ టీ నుంచి ఎన్ని దెబ్బలు పడతాయో చెబుతుంది. రెండోది మనలాంటివాళ్లకి అది అదనంగా ఎంత కష్టమో చెబుతుంది. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది, ప్రామాణికం 113.

మీ ఆట స్థాయిని చెప్పే అంకెని, అంటే హ్యాండిక్యాప్ ఇండెక్స్‌ని స్లోప్‌తో హెచ్చవేసి 113తో భాగించండి. దానికి రేటింగ్‌లోంచి పార్ తీసివేస్తే వచ్చేది కలపండి. ఇండెక్స్ 20 ఉన్న మనిషిని ఉదాహరణకి తీసుకుందాం. పార్ 72. తెల్ల టీ స్లోప్ 122, రేటింగ్ 68.6 అనుకుంటే అతనికి 18 దెబ్బలు దక్కుతాయి. ఎర్ర టీ స్లోప్ 110, రేటింగ్ 64.5 అయితే 12 మాత్రమే. ముందుకి జరిగినందుకు ఆరు దెబ్బలు ముందే కోసేశారు కాబట్టి పందెంలో ఎవరికీ అన్యాయం జరగదు. ఈ లెక్క వినగానే కర్నల్ గారికి అభ్యంతరాలన్నీ తీరిపోలేదు గానీ, ఆ ఒక్కటీ తీరింది.

ఎర్ర టీ ఎవరిది?

కర్నల్ గారి రెండో అభ్యంతరం అందరూ ఊహించగలిగిందే. "అది లేడీస్ టీ కదండీ!"

నిబంధనల్లో ఆ మాట లేదు. రేటింగులు స్త్రీలకీ పురుషులకీ విడివిడిగా ఇస్తారు, ఒకే ఎర్ర టీకి రెండు రేటింగులూ ఉండొచ్చు. టీ గద్దె మాత్రం ఎవరి సొత్తూ కాదు. మా కోర్సులో కోచింగ్‌కి వచ్చే పదహారేళ్ల అమ్మాయి డ్రైవరు 215 కొడుతుంది, తెల్ల టీ నుంచి ఆడుతుంది. ఆడాల్సిందే. ఆమె ఎర్ర టీ నుంచి, నేను తెల్ల టీ నుంచి ఆడితే ఇద్దరి ఆటా చెడుతుంది. ఎవరైనా చూసుకోవాల్సింది గజాలు, పుట్టిన సంవత్సరమో ఆడామగా తేడానో కాదు. కళ్లజోడు పవర్ మారిందని డాక్టరు చెబితే ఎవరమూ నామోషీ పడం, కొత్త అద్దాలు వేయించుకుంటాం. టీ మారడమూ అంతే.

పెద్ద ఆటగాళ్లు కూడా పొడవు విషయంలో పట్టింపులకి పోరు. యాభై దాటిన ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్ చాంపియన్స్ పోటీల్లో కోర్సులు మామూలు టూర్ కంటే పొట్టిగా ఉంటాయి. బంతిని మనకంటే ఎంతో దూరం కొట్టే మనుషులకే ఆ సవరణ అవసరమైంది. అమెరికా గోల్ఫ్ దిగ్గజం శామ్ స్నీడ్ 1979లో 67 ఏళ్ల వయసులో క్వాడ్ సిటీస్ ఓపెన్‌లో ఒక రౌండు 67 దెబ్బల్లో, ఇంకో రౌండు 66 దెబ్బల్లో ముగించాడు, కుర్రాళ్ల కోర్సు మీదే. అలాంటి మనిషి నూటికో కోటికో ఒకడు. ఆయన్ని చూసి నీలం టీ ఎక్కితే మిగిలేది నడుంనొప్పే.

డాలస్‌లో, న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లే మన పెద్దలు కొందరు అక్కడి మున్సిపల్ కోర్సుల్లో ఆడుతుంటారు. అమెరికా కోర్సుల్లో ఎరుపుకీ తెలుపుకీ మధ్య బంగారు రంగో వెండి రంగో సీనియర్ టీ చాలాచోట్ల కనిపిస్తుంది. కొన్నిచోట్ల రెండు టీలని కలిపిన కాంబో టీకి కూడా స్కోర్ కార్డు మీద రేటింగ్ ఉంటుంది. పొడవాటి పార్ 4లు ముందునుంచి, పొట్టివి వెనకనుంచి ఆడటం అన్నమాట. ఎర్ర టీకి ఒక్కసారిగా మారడానికి మనసొప్పనివాళ్లకి ఇది చక్కటి దారి. స్నేహితులతో సరదాగా ఆడే రౌండులో ఇక్కడా అలా ఆడుకోవచ్చు. పోటీలో మాత్రం కమిటీ చెప్పిన టీ నుంచే ఆడాలి, లేకపోతే మొత్తం దెబ్బలు లెక్కించే స్ట్రోక్ ప్లేలో రెండు దెబ్బల జరిమానా పడుతుంది.

ఎర్ర టీ కూడా 5,200 గజాలుండే కోర్సుల్లో 150 గజాల డ్రైవరు ఉన్న ఎనభై ఏళ్ల మనిషి, అప్పుడే నేర్చుకుంటున్న గృహిణి ఎక్కడ నిలబడాలి? వాళ్ల కోసం ఇంకా ముందు, 4,000 గజాలకి దగ్గరగా మరో టీ కావాలి. కొత్త గద్దె కట్టక్కర్లేదు, ఫెయిర్‌వేలో చదునుచేసి రెండు గుర్తులు పాతితే చాలు. క్లబ్ కమిటీల్లో ఉన్నవాళ్లకి నా విన్నపం ఇదే: ఆ గుర్తులు పాతించండి, ముందు టీలన్నిటికీ స్త్రీ పురుషులిద్దరికీ రేటింగ్ వేయించండి, బోర్డుల మీద 'లేడీస్', 'జెంట్స్' తీసేసి గజాలు రాయించండి. ఆడేవాళ్లకి చెప్పేది ఇంకా చిన్నది. మీ ఐదో ఐరన్ దూరాన్ని 36తో హెచ్చవేసి, స్కోర్ కార్డులో ఆ అంకెకి దగ్గరగా ఉన్న టీ ఏదో చూసి, వచ్చే రౌండు అక్కణ్నుంచే మొదలుపెట్టండి.