చీరాల అడిగిన లెక్క

మన పాఠ్యపుస్తకాలలో చీరాల–పేరాల ఉద్యమానికి సాధారణంగా దక్కే చోటు ఒక చిన్న పేరా. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. నాయకుడెవరు? ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. సంవత్సరమేది? 1921. సందర్భమేమి? సహాయ నిరాకరణ. విద్యార్థి ఇంతవరకు వ్రాసి తరువాతి ప్రశ్నకు పోతాడు. ఈ సమాధానంలో తప్పేమీ లేదు. కాని అసలు కథ ఇందులో జారిపోయినది. చీరాల ప్రజలకు కోపం పుట్టించినది తొలుత ఆంగ్లేయుల సామ్రాజ్యం కాదు, ఇంటికి వచ్చిన పన్నుచీటి.

నేడు బాపట్ల జిల్లాలోను, ఆనాడు గుంటూరు జిల్లాలోను చేరిన చీరాల సముద్రానికి ఆమడ దూరమైనా లేని ఊరు. ఇసుకనేల. మద్రాసుకు పోయే పెద్ద రైలుదారి మీద ఉన్నది. ప్రక్కనే పేరాల. జనంలో చేనేతవారు, చిన్న రైతులు, చిల్లర వర్తకులు ఎక్కువ. ఈ ఊళ్ళను ఇరుగుపొరుగు పేటలతో కలిపి ప్రభుత్వం చాలకాలం ఒక యూనియన్‌గా నడిపినది. దాని రాబడి ఏటా సుమారు 4,000 రూపాయలు. 1919లో చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసినారు. జనసంఖ్య 15,000 ప్రాంతం. పన్నుల మొత్తం 40,000 రూపాయల వరకు పోయినదని చరిత్రకారులు వ్రాసినారు. లెక్కల ఉపాధ్యాయులు దీనిని తరగతిలో వేయించి చూడవచ్చు. తలకు నాలుగణాలుగా ఉన్న భారం రెండున్నర రూపాయలు దాటుతుంది. అయిదుగురున్న నేతగాని ఇంటికి ఏడాదికి పదమూడు రూపాయలు!

భారం పెరిగినందుకే ప్రజలు ఎదురుతిరిగినారనుకుంటే సగమే అర్థం చేసికొన్నట్లు. పదింతలు ఇచ్చినందుకు పదింతలు ఏమి వచ్చినదన్నదే వారి ప్రశ్న. ఇసుకనేలలో మురుగు నిలువదు, త్రవ్వితే నీరు పడుతుంది. లేని రోగానికి మందు తెచ్చి, మందు ఖరీదు బలవంతాన రాబట్టినట్లు తోచినది వారికి. కాళిదాసు దిలీపుని పన్నును సూర్యుడు నీటిని గ్రహించే తీరుతో పోల్చినాడు. చీరాల ప్రజలకు ఆవిరి కనిపించినది గాని వాన కనిపించలేదు. తెలుగులో ‘పన్ను’ అన్న మాటకు రెండర్థాలున్నవని చిన్నపిల్లలకు కూడా తెలుసు. బహువచనంలో మాత్రం వ్యాకరణం వాటిని విడదీస్తుంది: ఒకటి పళ్ళు అవుతుంది, రెండవది పన్నులు అవుతుంది. చీరాల వీధులలో ఆ భేదం కూడ మాసిపోయి ఉంటుంది.

అయితే ప్రభుత్వ పక్షాన మాట లేదని అనరాదు. పదిహేనువేల జనమున్న ఊరు పెరుగుతున్నప్పుడు పారిశుద్ధ్యం, దీపాలు, రోడ్లు కావలెనంటే ధనం కావలెను. ధనం రావలెనంటే పన్ను వేయవలెను. ప్రజలేమో సౌకర్యం చూపితే గాని పన్ను ఇవ్వమంటారు. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు. ఈ ముడి చీరాలతో తెగలేదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో 2021లో ఇంటినుండి చెత్త తీసికొనిపోవుటకు నెలనెలా రుసుము విధించినప్పుడు జనం దానికి ‘చెత్తపన్ను’ అని పేరు పెట్టినారు. చెత్తమీది పన్నా, చెత్త అయిన పన్నా అన్నది వినేవారి ఇష్టానికే వదలినారు. 2024లో ప్రభుత్వం దానిని తీసివేయ నిర్ణయించినది. చెత్త మాత్రం రోజూ పుట్టుతూనే ఉన్నది.

చీరాల విషయంలో పాఠ్యపుస్తకాలు అంతగా పట్టించుకోని విచిత్రమొకటి కలదు. 1919 నాటి మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల వలన రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వం ఏర్పడినది. పోలీసు, భూమిశిస్తు వంటివి గవర్నరు తన చేతిలో ఉంచుకొని, స్థానిక స్వపరిపాలన శాఖను భారతీయ మంత్రులకు అప్పగించినాడు. మద్రాసులో 1920 డిసెంబరులో ఆ శాఖ చేపట్టినది తెలుగువాడే, జస్టిస్ పార్టీకి చెందిన పానుగంటి రామరాయణింగారు. పానగల్లు రాజాగా ప్రసిద్ధులు. అనగా, చీరాల ప్రజలు మునిసిపాలిటీ రద్దు చేయమని మొరపెట్టుకొన్నది ఒక తెలుగు మంత్రికి. వద్దన్నది ‘స్వపరిపాలన’ అనే పేరుగల సంస్థను. మంత్రి ఒప్పుకొనలేదు. 1921 ఆరంభంలో మునిసిపల్ సభ్యులు మూకుమ్మడిగా రాజీనామా చేసినారు. ప్రభుత్వం జీతమిచ్చి ఒక అధ్యక్షుని నియమించి పని నడిపించినది. సభ్యులు లేరు, ప్రజల సమ్మతి లేదు; పన్ను వసూలు మాత్రం ఉన్నది. స్వపరిపాలన అనే మాటలోని ‘స్వ’ ఎవరిదో చెప్పగల పండితుడు ఆనాడు మద్రాసు సచివాలయంలో ఉండెనో లేదో!

పన్ను ఇవ్వనన్నందుకు పన్నెండుగురు జైలుకు పోయినారు. వారిలో ఒక వృద్ధ స్త్రీ కూడ కలదు.

ఈ ప్రజలకు నాయకుడైన గోపాలకృష్ణయ్య 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించినాడు. ఎడింబరోలో ఎం.ఏ. చదివినాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించినాడు. ఆ గ్రంథం 1917లో అమెరికాలో వెలువడినది. నాట్యశాస్త్రం చదివినవాడు ఇంటిపన్ను తగాదాలో తలదూర్చుట చిత్రంగా కనిపించవచ్చును. కాని వేయిమంది యువకులను ‘రామదండు’ అనే పేరుతో సమకూర్చి, దానికి వేషమూ, పాటా, పురాణమూ కల్పించుటలో ఆ విద్య వృథా పోలేదు. గ్రామీణునికి ‘స్వచ్ఛంద సేవాదళం’ అంటే తెలియదు. రామదండు అంటే విడమరచి చెప్పనక్కరలేదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనది. అది ముగిసిన కొద్దిరోజులకే గాంధీజీ చీరాల వచ్చినారు. ఆయన చెప్పిన మార్గాలు రెండు: హింసకు దిగకుండ పన్నులు నిరాకరించుట ఒకటి, మునిసిపాలిటీ ఎల్లలు దాటి ఊరు విడిచిపోవుట రెండవది. ప్రజలు రెండవదే ఎన్నుకొన్నారు.

ఈ రెండవది కొత్త ఉపాయమేమీ కాదు. పన్నులు భరింపలేక రైతులు ఊళ్ళు విడిచిపోయిన సంగతి విజయనగర కాలపు శాసనాలలోనే కనిపిస్తుంది. కంపెనీ ప్రభుత్వం 1810లో ఇంటిపన్ను విధించినప్పుడు కాశీనగర ప్రజలు ఇళ్ళు విడిచి ఆరుబయట కూర్చున్నారు. తుదకు ఆ పన్ను రద్దయినది. ఆయుధం లేనివానికి కాళ్ళే ఆయుధం. అయితే రైతు విడిచిపోవుట వేరు, నేతగాడు విడిచిపోవుట వేరు.

మగ్గం గుంటలో ఉంటుంది. నేలలో గోయి త్రవ్వి, అందులో కాళ్ళుంచి తొక్కుడుకర్రలు తొక్కుతూ నేస్తారు. పడుగును వీధి పొడవునా చాచి గంజి పెట్టవలెను. అందుకు నిడుపైన వీధి, తెల్లవారుజామున ఇరుగుపొరుగు చేతులు కావలెను. నూలు తడిస్తే పని చెడుతుంది. గుంటలోకి నీరు వస్తే పని ఆగుతుంది. ఇంటిని విడుచుటంటే చేనేతవానికి నీడను మాత్రమే కాదు, పనిముట్టును కూడ విడుచుట. ఇది తెలిసియే 15,000 మందిలో 13,000 పైచిలుకు జనం ఎండాకాలంలో సామాను బండ్లకెత్తుకొని, పసిపిల్లలతో ముసలివారితో ఎల్ల దాటి, పాకలు వేసికొన్నారు. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు పెట్టినారు.

రామనగరంలో పదకొండు నెలలు గడచినవి. ఎండ పోయి వాన, వాన పోయి చలి వచ్చినవి. శాంతిభద్రతలు రామదండే చూచుకొన్నది. పన్ను కట్టమన్న మునిసిపాలిటీకి ఊరంతా మిగిలినది గాని ఊళ్ళో జనం మిగలలేదు. కాని లెక్క చూచేవారు ఇంకొక అంకె కూడ వేసికొనవలెను. పాకకు వెదుళ్ళు, తాటాకు, పోయిన పనిదినాలు, పాడైన నూలు, రోగాలు—ఇవన్నీ కలిపితే ఒక్కొక్క కుటుంబం ఆ ఏడాది కోల్పోయినది పదమూడు రూపాయలకు ఎన్ని రెట్లో! అంతకంటె పన్ను కట్టివేయుటే చవుక. ఈ సంగతి వారికి తెలియదనుకొనుట అవివేకం. గజం బట్టలో ఎన్ని పోగులున్నవో చెప్పగలవారికి లెక్కలు రావనగలమా?

ఉద్యమానికి ధనం కావలసివచ్చినది. గోపాలకృష్ణయ్య విరాళాలకై బరంపురం పోయి, అక్కడ ఉపన్యసించరాదన్న ఉత్తర్వును ధిక్కరించినాడు. ఒక సంవత్సరం శిక్ష పడినది. తిరుచిరాపల్లి జైలుకు పంపినారు. నాయకుడు లేని రామనగరం కొన్నాళ్ళు నిలిచినది. తరువాత ఒక్కొక్క కుటుంబమే వెనుకకు నడిచినది. మునిసిపాలిటీ ఎక్కడికీ పోలేదు. క్షయవ్యాధితో గోపాలకృష్ణయ్య 1928లో మరణించినప్పుడు ఆయన వయస్సు ముప్పదితొమ్మిదేళ్ళు.

తిరిగివచ్చినవారు తాళాలు తీసి, పూడిన మగ్గపు గుంటలను మళ్ళీ త్రవ్వుకొని ఉంటారు. పడుగులు మళ్ళీ వీధిలోకి వచ్చి ఉంటాయి. వసూలుదారు ఏ వీధితో మొదలుపెట్టినాడో ఏ చరిత్రకారుడూ వ్రాయలేదు.