సజ్దా నుంచి లేస్తే చక్కర్ వస్తోందా? చెవిని కూడా చూపించండి

డెబ్భై దాటిన దాదీ సజ్దాలోకి వెళ్లేటప్పుడో, లేచేటప్పుడో గది గిర్రున తిరిగినట్టయి గోడ పట్టుకుంటుంది. ఇంట్లో వాళ్లు 'కమ్‌జోరీ, వయసు కదా' అంటారు, లేదంటే బీపీ చూస్తారు. బీపీ చూడాల్సిందే. కానీ చెవి సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

లోపలి చెవిలో వినికిడి భాగం పక్కనే ఒంటి నిలకడను చూసుకునే ఏర్పాటు ఉంది. ఒక్కో చెవిలో మూడు వంపు గొట్టాలు, రెండు చిన్న సంచులు. తల తిప్పితే గొట్టాల్లోని ద్రవం కదిలి, అక్కడి కణాల మీదున్న వెంట్రుకల్లాంటి పోగులు వంగుతాయి. తల ఎటు తిరిగిందో, ఎంత వేగంగా తిరిగిందో అలా మెదడుకు కబురు వెళ్తుంది. సంచుల్లోని కణాల మీద సున్నపు స్ఫటికాలు ఉంటాయి. తల వంచినా, లిఫ్టులో పైకి వెళ్లినా వాటి బరువు వల్లే మనకు తెలుస్తుంది.

వయసు పెరిగేకొద్దీ ఈ కణాలు, వాటి కబురు మోసే నరాల కణాలు కూడా తగ్గిపోతాయి. తెగిన చర్మం మళ్లీ వస్తుంది గానీ, మనిషిలో ఇవి పోతే పనికొచ్చేంతగా తిరిగి పుట్టవు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు కూడా వీటిని దెబ్బతీయగలవు. పాత టీబీ చికిత్స సంగతి డాక్టరుకు చెప్పాలనేది అందుకే.

చెవి తగ్గినా కళ్లు, పాదాల స్పర్శ సాయం చేస్తాయి కాబట్టి పగలు పెద్దగా తెలియదు. ఫజ్ర్‌కు ముందు చీకట్లో, వుజూ చేసిన తడి నేల మీద బయటపడుతుంది. షుగర్‌తో పాదాలు మొద్దుబారిన వాళ్లకైతే మూడు ఆసరాల్లో రెండు పోయినట్టే. ఆ దారిలో ఒక చిన్న బల్బు, బాత్రూంలో ఒక పట్టుకునే రాడ్ పెట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు.

సజ్దాలో, పక్క మీద దొర్లినప్పుడు, పైకి చూసినప్పుడు నిమిషం లోపు గిర్రున తిరిగి ఆగిపోతుంటే కారణం చాలాసార్లు వేరే. సంచిలోని స్ఫటికాలు ఊడి గొట్టంలో పడి ఉంటాయి. వయసుతో ఇది ఎక్కువవుతుంది, కానీ బాగయ్యేది కూడా ఇదే. ఈఎన్‌టీ డాక్టరు పడుకోబెట్టి, తలను వరుసగా కొన్ని కోణాల్లో తిప్పి వాటిని వెనక్కి పంపిస్తారు. అమెరికా డాక్టరు జాన్ ఎప్లీ రూపొందించిన ఈ పద్ధతికి కొద్ది నిమిషాలు చాలు. మెడ నొప్పి ఉంటే ముందే చెప్పాలి. మళ్లీ వస్తే మళ్లీ చేయించుకోవచ్చు.

మెడికల్ షాపులో కొని నెలల తరబడి వేసుకునే చక్కర్ మాత్రలతో ఇబ్బందే. కొన్ని రకాలు మెదడు సర్దుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి, పెద్దవాళ్లలో మగతతో పడిపోవడం పెరుగుతుంది. కణాలు తగ్గిన వాళ్లకు ఫిజియోథెరపిస్టు నేర్పే కంటి, తల, నడక వ్యాయామాలే మేలు.

చక్కర్‌తో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే అది పక్షవాతం కావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

చికిత్స జరిగేదాకా సజ్దా చేయలేకపోతే కూర్చుని ఇషారాతో నమాజు చదివే సౌలభ్యం దీన్‌లో ఉంది. ఆ కుర్చీ మాత్రం చక్రాలు లేనిది, చేతులున్నది చూడండి.