ఈతరాని చిత్రములు

ఐరోపా ఖండపు పడమటి అంచున పోర్చుగల్ దేశము కలదు. దాని ఈశాన్యభాగమున కోవా అను చిన్ననది కొండల నడుమ ప్రవహించి, డౌరో అను పెద్దనదిలో కలియుచున్నది. ఆ సంగమము చెంతనున్న ఊరి పేరు విలా నోవా ద ఫోజ్ కోవా. ద్రాక్ష, బాదము, ఆలివు తోటలకు ఆ ప్రాంతము పేరు పొందినది.

కోవా లోయలో పలకలు పలకలుగా విచ్చు రాయి మెండు. దాని నునుపైన ముఖముపై గీత చక్కగా పడును. ఇరువదివేల యేండ్లకు పూర్వమే, వేటచే జీవించు మానవులు ఆ బండలపై గుఱ్ఱములను, అడవియెద్దులను, కొండమేకలను, దుప్పులను చెక్కిరి. వారికి లోహము తెలియదు. గట్టిరాతి ములుకులే వారి ఉలులు. కొన్ని బొమ్మలను చుక్కచుక్కగా పొడిచి తీర్చిరి. కొన్నింటిని సన్నని గీతలతో గీచిరి. మరికొన్నింటిని రాచి రాచి లోతు చేసిరి. ఒకే జంతువునకు రెండుమూడు తలలున్న చిత్రములును కలవు. అవి పొరపాటున చెక్కినవి కావనియు, తల ఆడించు జంతువు కదలికను చూపుటకే అట్లు చెక్కిరనియు పండితుల అభిప్రాయము. ఆ అలవాటు లోయను విడిచిపోలేదు. ఇరువదవ శతాబ్దమున నదీతీరపు పిండిమరలవారు సయితము ఆ బండలపై తమ బొమ్మలను చెక్కిరి.

1990 తరువాత విద్యుచ్ఛక్తికై కోవా నదిపై పెద్ద ఆనకట్ట పని ఆరంభమయ్యెను. పని సాగుచుండగా, 1994 నవంబరులో ఈ చెక్కడముల సంగతి లోకమునకు వెల్లడియయ్యెను. ఆనకట్ట పూర్తియైనచో లోయ యంతయు మునిగిపోవును. అంతట గొప్ప వివాదము పుట్టెను. ఆనకట్టవలన పనులు దొరకునని కొందరు ఆశించిరి. నీటియడుగున చిత్రములు భద్రముగా నుండునని కొందరు వాదించిరి. అవి అంత ప్రాచీనములు కావని మరికొందరు పలికిరి.

అప్పుడు ఆ ఊరి ఉన్నతపాఠశాల విద్యార్థులు ముందుకు వచ్చిరి. ఆ దినములలో పోర్చుగల్ యువకుల నోట ఒక రాప్ పాట ఆడుచుండెను. ఈత రాదని హాస్యముగా చెప్పు మాట దాని పల్లవిలో కలదు. ఆ మాటనే మార్చి, ‘చెక్కడములకు ఈత రాదు’ అను నినాదము పుట్టినది. వినోదమునకై పాడుకొను మాట ఆ విధముగా విజ్ఞాపనయై దేశమంతట వ్యాపించినది. శాస్త్రజ్ఞుల దీర్ఘవ్యాసములను చదువనివారికి సయితము ఆ చిన్నవాక్యము విషయమును బోధించెను.

1995 అక్టోబరులో ఎన్నికలు జరిగెను. ఆంటోనియో గుటెరస్ నాయకత్వమున ఏర్పడిన క్రొత్త ప్రభుత్వము నవంబరులో ఆనకట్ట పనిని ఆపివేసెను. 2017లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శియైనది ఈయనయే. 1996లో లోయ పురావస్తు ఉద్యానమయ్యెను. 1998లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించెను.

చిత్రముల వయస్సును గూర్చిన వివాదము 1999లో తీరెను. ఫరిజేవు అను చోట త్రవ్వగా, పాతరాతియుగపు మట్టిపొరలక్రింద కప్పబడిన చెక్కడములు బయటపడెను. పైనున్న పొర అంత పాతదైనచో, దానిక్రింది చెక్కడము అంతకంటెను పాతది కావలెను గదా! 2010లో పొరుగుననున్న స్పెయిన్ దేశపు సియెగా వెర్దె చెక్కడములును ఆ వారసత్వస్థలమున చేరినవి. ఆ యేడే కోవాలోయలో ప్రదర్శనశాలయు తెరువబడెను. కోవాలో ఐదువేలు, సియెగా వెర్దెలో సుమారు 440 జంతుచిత్రములు కలవని యునెస్కో తెలుపుచున్నది.

ఆనకట్ట ఆగుటచే అప్పటికే వెచ్చించిన ధనము వ్యర్థమయ్యెను. పనులకై ఎదురుచూచినవారికి నిరాశ కలిగెను. ఆ నష్టము చిన్నది కాదు. కాని విద్యుచ్ఛక్తిని మరియొకచోట ఉత్పత్తి చేయవచ్చును. ఇరువదివేల యేండ్లక్రింద ఒక వేటగాడు గీచిన గీత చెడిపోయినచో, దానిని మరల గీయగలవారు ఎవ్వరును లేరు. ఆ సత్యమును గుర్తించి చాటినవారిలో బడిపిల్లలు ఉండుట విశేషము.