ఇసుక కింద మంచినీళ్లు: బందరు నుంచి మోటుపల్లి దాకా మూడు రోజులు

హైదరాబాద్‌లో ఎవర్నైనా బీచ్ ట్రిప్ అని అడగండి, రెండే పేర్లు చెప్తారు. వైజాగ్, లేదంటే గోవా. మేం ఆ రెండూ వద్దనుకోవడానికి గొప్ప కారణమేం లేదు. ఒకటే రోజు లీవు దొరికింది, సోమవారం స్టాండప్ కాల్ లోపు తిరిగొచ్చేయాలి. పైగా మా టీమ్‌లో ఒకడిది బాపట్ల దగ్గర పల్లె. "మా అమ్మమ్మ తోటలో ఇసుక తవ్వితే మంచినీళ్లొస్తాయిరా, సముద్రం పక్కనే" అని ఏడాదిగా ఊదరగొడుతున్నాడు.

మాది మేడ్చల్ పక్కన రావల్‌కోల్. పోయిన ఎండాకాలం ఇంటి వెనక తొమ్మిది వందల అడుగులు బోరు దింపిస్తే రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. ఆ బూడిదరంగు కుప్ప పక్కన మా నాన్న నిలబడ్డ తీరు ఇంకా కళ్లముందే ఉంది. అలాంటిది సముద్రం ఒడ్డున, అదీ నాలుగడుగుల్లో తాగేనీళ్లంటే ఎట్ల నమ్మాలి? సరే చూసొద్దాం పద అన్నాను.

ఫిబ్రవరి మొదటి వారం, గురువారం రాత్రి బయల్దేరాం. మేడ్చల్ దగ్గర రింగురోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే 65వ నంబరు హైవే. పుణెలో మొదలైన ఈ రోడ్డు మచిలీపట్నంలోనే ఆగిపోతుంది. అంటే దారి తప్పే ఛాన్సే లేదు, సముద్రం అడ్డొచ్చేదాకా పోవడమే. సూర్యాపేటలో ఒక టీ, విజయవాడ దాటాక ఇంకో టీ. తెల్లారేసరికి బందరు.

బందరులో ఎక్కువసేపు ఉండలేదు. లడ్డూ ఎలాగూ కొంటారు (దానికి 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది), నేను చెప్పేది డచ్చివాళ్ల సమాధుల గురించి. 1605లో ఇక్కడ వర్తకానికి దిగిన డచ్చి కంపెనీ మనుషులు కొందరు ఇక్కడే మట్టిలో కలిసిపోయారు. నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు, అక్షరాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఒకప్పుడు ప్రపంచమంతా ఓడలేసుకుని వచ్చిన ఊరిది. 1864 నవంబరు 1 రాత్రి తుఫాను వచ్చి ఉప్పెనలో దాదాపు ముప్పై వేల మంది పోయారు. రేవు మళ్లీ ఆ దశకు రాలేదు.

అక్కడి నుంచి 216 హైవే. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం పక్కనే సాగే రోడ్డు ఇది. చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ, ఆపైన కోడూరు దాటి హంసలదీవి. కాకి మునిగితే హంసై లేచిందని స్థలపురాణం. వేణుగోపాలస్వామి గుడి దాటి ఇంకాస్త ముందుకెళ్తే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. ఒక పక్క మడ అడవి, ఇంకో పక్క పాలకాయతిప్ప ఇసుక. ఆ మడల్లో బావురుపిల్లులుంటాయట, చేపలు పట్టి తినే అడవిపిల్లులు. మాకు కనిపించలేదు, కనిపించిందల్లా పీతలే. అలలు చూడ్డానికి మామూలుగానే ఉంటాయి కానీ లాగుడు ఎక్కువ, నీళ్లలోకి దిగకండి.

ఇది దివిసీమ. 1977 నవంబరు 19 అంటే ఇక్కడ ఎవరూ ఏ సంవత్సరం అని అడగరు. తుఫాను తీరం దాటింది చీరాల వైపు, జనం ఎక్కువగా పోయింది ఇక్కడ. చిన్నప్పుడు ఇది విని లెక్క తప్పేమో అనుకునేవాణ్ణి. కాదు. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. అందుకని అది వెళ్లే దారికి కుడిపక్క గాలి సముద్రాన్ని తోసుకుంటూ నేల మీదకి తెస్తుంది. ఆ కుడిపక్కన ఉంది దివిసీమ, అదీ అరచెయ్యంత చదునుగా. అయిదారు మీటర్ల నీటిగోడ వచ్చిపడింది. అధికారిక లెక్కే పదివేల దాకా ఉంది. టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన "మా ఇంట్లో నేనొక్కణ్ణే తాటిచెట్టు మీదున్నా బాబూ" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

పులిగడ్డ – పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి, రేపల్లె మీదుగా బాపట్ల చేరేసరికి చీకటి.

రెండో రోజు పొద్దున్నే సూర్యలంక. వీకెండ్ కదా, జనం బాగానే ఉన్నారు. మేం అక్కడ ఆగకుండా తోటల దారి పట్టాం. గూగుల్ మ్యాప్స్‌లో గీత ఉంది, నేల మీద రోడ్డు లేదు. సరుగుడు తోటలు, జీడిమామిడి, మధ్యలో ఇసుక దిబ్బలు. దిబ్బల మీద బాలబందితీగ ఊదారంగు పూలతో పాకి ఉంది. పక్కనే రావణుడి మీసాలనే ముళ్లగడ్డి. ఈ రెండూ లేకపోతే ఆ దిబ్బ నిలబడదు, గాలికొచ్చిన ఇసుకని పట్టుకుని మేటు వేసేవి ఇవే. ఈ ముక్క తెలియక ముందు నేను కారుని దర్జాగా వాటి పక్కనుంచి పోనిచ్చా. పాతిక గజాలు. ముందు టైర్లు రెండూ సగానికి దిగిపోయాయి. ఎక్సలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోపలికి. అప్పుడే అటుగా వచ్చిన ఒకాయన నవ్వు ఆపుకుంటూ "ముందు టైర్లలో గాలి తియ్యండబ్బాయ్" అన్నాడు. గాలి సగం తీసి, టైర్ల కింద తాటాకులు పరిచి, నలుగురం తోస్తే బయటపడింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "దిబ్బ మీద బండెక్కియ్యమాకండి, గడ్డి చస్తది" అన్నాడంతే.

మావాడి అమ్మమ్మగారి తోట డెబ్భై సెంట్లు. వేరుశనగ, ఓ పక్క తోటకూర మడులు. మధ్యలో గరాటు ఆకారంలో ఒక గుంట, అడుగున తేటగా నీళ్లు. దాన్నే దొరువంటారు. రెండు చేతుల్లో రెండు కుండలతో లోపలికి దిగి, ముంచుకుని పైకొచ్చి మడులకు చల్లడం ఒకప్పటి పద్ధతి. నా దగ్గరున్న టీడీఎస్ మీటరు పెట్టి చూశా. ఆఫీసు దగ్గర మా రూమ్‌కొచ్చే ట్యాంకర్ నీళ్లకన్నా తక్కువే చూపించింది. అలల చప్పుడు వినిపిస్తూనే ఉంది అక్కడికి!

లాజిక్ ఏంటంటే, వాననీరు ఇసుకలోంచి నేరుగా కిందికి దిగుతుంది. ఉప్పునీరు దానికన్నా బరువు, వెయ్యి పాళ్లకి పాతిక పాళ్లు. అందుకే మంచినీరు దానిమీద తేలుతుంది, పప్పులో నెయ్యిలాగ. 19వ శతాబ్దం చివర్లో బాడన్ గైబెన్ అనే డచ్ ఇంజినీరు, తర్వాత హెర్జ్‌బర్గ్ అనే జర్మన్ దీని లెక్క తేల్చారు. మంచినీటి మట్టం సముద్రం కన్నా ఒక్క అడుగు పైనుంటే, కింద నలభై అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి బాగుంది కదా, ఇప్పుడు తిరగేసి చూడండి. మోటరు పెట్టి ఆ మట్టాన్ని ఒక్క అడుగు తగ్గిస్తే, కిందనుంచి ఉప్పు నలభై అడుగులు పైకి ఎగబాకుతుంది. అందుకే దొరువు లోతుకి పోదు, పైపైన మీగడ తీసినట్టు తీస్తుంది. బాపట్ల వ్యవసాయ కళాశాలలోని ఉప్పునీటి పరిశోధన విభాగం వాళ్లు దీన్నే కొంచెం మార్చారు. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, నీరంతా మధ్యలో ఒక బావిలోకి చేరేలా చేసి, అక్కడ చిన్న మోటరు పెడతారు. అమ్మమ్మగారి తోటలోనూ అదే ఉంది. పాత గుంట మాత్రం ఆవిడ పూడ్చనివ్వలేదు.

"పక్కాయన లోతుగా బోరేశాడయ్యా. రెండేళ్లు బంగారంలా పండింది. ఇప్పుడు ఆ నీళ్లు గేదె కూడా ముట్టదు" అన్నారావిడ. అటుపక్క దిబ్బని చదును చేసి ప్లాట్ల రాళ్లు పాతారు. ఇసుక దిబ్బలు తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న వర్గంలోకి వస్తాయి, 2011 నోటిఫికేషన్‌లోనూ ఉంది, 2019 దాంట్లోనూ ఉంది. కాగితం మీద. దిబ్బ పోతే వాన దాచుకునే చోటు పోతుంది, ఉప్పెనకి అడ్డం పోతుంది. ఈ తోటకీ బేరం వచ్చిందట. మావాడి మేనమామ అమ్మేద్దామంటున్నాడు, అమ్మమ్మ వద్దంటున్నారు. "నీ మాటేంట్రా?" అని ఆవిడ అడిగితే, రోజూ మీటింగుల్లో ఆపకుండా మాట్లాడేవాడు పళ్లెంలో వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఒడ్డున నడుస్తుంటే చచ్చిపోయిన తాబేలు ఒకటి. ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి వచ్చే రోజులవి. వలల్లో చిక్కుకుంటే ఊపిరికి పైకి రాలేవు, అదే చావు. ఈ నెలల్లో రాత్రి బీచ్‌కి వెళ్తే ఫ్లాష్‌లైట్లు వెయ్యకండి, తల్లి తాబేళ్లు వెనక్కి పోతాయి.

మూడో రోజు వేటపాలెం. 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం గ్రంథాలయంలో గాంధీగారి విరిగిన చేతికర్ర చూసి, జీడిపప్పు కొని, చినగంజాం దగ్గర మోటుపల్లి వెళ్లాం. ఉప్పు కొఠార్ల మధ్యలో నిద్రపోతున్నట్టుండే ఊరు. కాకతీయుల రేవు ఇది. ఓడ మునిగి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులు లాగేసుకునే రోజుల్లో, మన ఓరుగల్లు గణపతిదేవుడు 1244లో ఇక్కడ అభయ శాసనం వేయించాడు: సుంకం కట్టండి చాలు, మీ సరుకు మీదే అని. మార్కోపోలో 'ముత్ఫిలి' అని రాసింది ఈ చోటునే అంటారు. ఇప్పుడు రేవు లేదు, వీరభద్రుడి గుడి ఉంది, చుట్టూ ఇసుక ఉంది. గుడి అరుగు మీద మావాడు ఫోన్ తీసి మేనమామ నంబరు దాకా వెళ్లాడు, మళ్లీ జేబులో పెట్టేశాడు.

అద్దంకి – నార్కట్‌పల్లి రోడ్డు పట్టుకుని ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. దొరువు నీళ్లు ఒక బాటిల్ పట్టుకొచ్చా. నాన్న గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి చూశాడు.

"ఉప్పు లేదు. ఎన్ని ఫీట్లల్ల పడ్డయిరా?"

"ఎనిమిది."

"ఎనిమిది వందలా?"