మన్ను మొక్కకు అన్నమా?
అపోహలు – వాస్తవములు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, విశేషించి వడ్డేపల్లి, శాంతినగరము ప్రాంతములందు, ఆకు రంగు చూచినంతనే తెగులు పేరు చెప్పగలవారు ఊరూరను కలరు. అట్టి చోటనే మొక్క యెట్లు పెరుగుననెడి విషయమున కొన్ని అపోహలు తరతరములుగా నిలిచియుండుట వింతగా తోచును గాని, సేద్యము రైతునకు ఫలితమును చూపినంత తేటగా కారణమును చూపదు గనుక, అందు ఆశ్చర్యపడవలసినది లేదు.

వానిలో మొదటిది, మొక్క మన్ను తిని పెరుగుననునది. నేలలో బలము తగ్గినది, ఎరువు వేసితిమి, చేను తిని లేచినది అని మనము నిత్యము పలుకుచునే యుందుము. బ్రస్సెల్సు ప్రాంతమువాడైన వాన్ హెల్మోంట్ అను పండితుడు ఆవమున ఎండబెట్టిన 200 పౌనుల మన్ను తొట్టిలో పోసి, 5 పౌనుల విల్లో మొక్కను నాటి, నీరు తప్ప వేరేమియు నీయక అయిదేండ్లు పెంచి తూచగా, చెట్టు 169 పౌనులకు పైబడెను. మన్ను తరిగినది ఇంచుమించు రెండు ఔన్సులు మాత్రమే. ఆయన మరణానంతరము 1648లో ఈ ప్రయోగము గ్రంథస్థమైనది. అయితే, చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన తేల్చిన సిద్ధాంతము సగమే నిజము. కాలుచున్న బొగ్గునుండి వెలువడు వాయువును గుర్తించి, వాయువులకు ‘గ్యాస్’ అను పేరు పెట్టిన ఆ మహనీయునకే, తన చెట్టు ఆ వాయువునే పీల్చి బలిసినదని తట్టకపోవుట శాస్త్రచరిత్రలోని చమత్కారములలో నొకటి. గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లు మాత్రమే యుండు ఆ బొగ్గుపులుసు వాయువును ఆకు గ్రహించి, వేరు తెచ్చిన నీటితో ఎండవెలుతురున కలిపి చక్కెర చేసికొనును. కాండమైనను, పింజయైనను, గింజయైనను ఆ చక్కెరనుండి రూపొందినవే. ఎండిన పత్తికట్టెను పొయ్యిలో పెట్టి చూడుడు: గాలినుండి వచ్చినది గాలిలో కలసిపోవును, నత్రజనియు పొగతోబాటే పోవును, తుదకు మిగులు గుప్పెడు బూడిద మాత్రమే నేల యిచ్చిన ఖనిజభాగము.

అట్లని ఎరువు వ్యర్థమని కాదు. నత్రజని లేనిది పత్రహరితము లేదు, పత్రహరితము లేనిది చక్కెర లేదు. కూరలో ఉప్పునకెంత పనియో చేనిలో ఎరువునకంత పని. కూర చాలకున్నప్పుడు ఉప్పు పెంచువారు లేరు గాని, పంట చాలకున్నప్పుడు యూరియా బస్తా పెంచువారు కొల్లలు. పత్తి ఏపుగా ఆకు వేసి, రసము పీల్చు పురుగులకు విందగుట దాని ఫలితము.

చింతచెట్టు క్రింద రాత్రి పరుండరాదనియు, రావిచెట్టు రాత్రియందును ప్రాణవాయువు నిచ్చుననియు చెప్పు మాటలు రెండును నిలువవు. పచ్చని ఆకు వెలుతురునందే ప్రాణవాయువును విడుచునని, చీకటిలో విడువదని ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు 1779లోనే నిరూపించెను. రావి దీనికి మినహాయింపు కాదు. చెట్లన్నియు రేయింబవళ్లు మనవలెనే ఊపిరి తీయును. రాత్రి అవి విడుచు చెడుగాలి ఆరుబయట ఎంచదగినంత యుండదు. ప్రక్కమంచముమీద గురక పెట్టు బంధువును చూచి భయపడనివారు కుండీలోని తులసిని చూచి భయపడ నక్కరలేదు.

పల్లికాయ వేళ్లకు కాయుననునది మరియొక అపోహ. పసుపుపచ్చని పువ్వు నేలపైననే పూచి, తన పుప్పొడితో తానే ఫలదీకరణము చెంది వాడును. పిదప అండాశయము క్రింది కాడ సాగి, ఊడయై నేలలోనికి దిగి, ఆ చీకటిలో కాయగా ఊరును. నేల నందుకొనలేని ఊడ ఎండిపోవును. విశేషమేమనగా, ఊరుచున్న కాయ తనకు కావలసిన కాల్షియమును చుట్టునున్న మన్నునుండి తానే పీల్చుకొనును. వేరు పీల్చిన కాల్షియము నీటితోబాటు ఆకులకెక్కునే గాని మరల కాయకు దిగిరాదు. పూతవేళ కాల్షియము గల జిప్సమును ఎకరమునకు రెండువందల కిలోలు మొక్కల మొదళ్లలో వేసి మన్ను ఎగదోయుమని చెప్పుటలోని మర్మమిదియే. దానిని ఖర్చు దండుగని విడిచినవారికి తాలుకాయలు మిగులును.

ఇక నడిగడ్డకు పేరు తెచ్చిన సీడ్ పత్తి. రెండు రకముల గింజను వేరువేరు సాళ్లలో విత్తి, ఒకదానిని ఆడ, ఒకదానిని మగ అని పిలిచి, చేతితో సంకరపరచి హైబ్రిడ్ విత్తనమును తీయుట యిచ్చటి వృత్తి. ఆ పిలుపు విన్నవారు పత్తిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు అనుకొందురు. తాటియందు అది నిజము. పోతుతాడు కాయదు, పెంటితాడు కాయును. పత్తి అట్టిది కాదు. ప్రతి పువ్వునందును నడుమ కీలమును, దాని చుట్టు గొట్టముగా నమరిన కేసరములును కలవు. మధ్యాహ్నము తిరిగిన పిమ్మట, మరునాడు విచ్చబోవు మొగ్గను కూలికి వచ్చిన స్త్రీ చేతబట్టి, అడుగున బొటనగోటితో గీసి, రేకులను కేసరములను ఒక్కచుట్టుగా ఊడదీయును. సన్నని కీలము, దాని మొదట చిన్న అండాశయము మిగులును. గోరు లోతుగా దిగినచో ఆ కాయ దక్కదు. మరునాటి ఉదయమున మగసాళ్లనుండి తెచ్చిన పువ్వును ఆ కీలాగ్రమునకు రాయుదురు. దినములతరబడి వంగి పనిచేయు ఆ స్త్రీల నడుమునొప్పి విత్తనపు ధరలో లెక్కకు రాదనుట యిచట అప్రస్తుతమైనను చెప్పక తప్పదు. మగతనము, ఆడతనము మన మిచ్చిన పనులే గాని మొక్క పుట్టుక కాదనుటకు నిదర్శనము కావలెనన్న, కోయక విడిచిన మగసాలు పువ్వును నాలుగు వారములు కాచి చూడుడు. అదియు కాయ కాయును.

విచ్చిన మరునాడు గులాబిరంగుకు తిరిగిన పువ్వును తెగులనుకొని మందు కొట్టుట వ్యర్థవ్యయము. వాడుముఖము పట్టిన పత్తిపువ్వుకు అది సహజవర్ణము. హైబ్రిడ్ చేని గింజను దాచి మరుసటి యేట వేసినచో మొలవకుండ కంపెనీలు మందు కలిపినవనుటయు తప్పే. అది చక్కగా మొలచును. కాని, 1970లో సూరతునుండి సి.టి. పటేల్ వెలువరించిన హెచ్-4 మొదలు ఏ హైబ్రిడ్ పత్తియైనను మొదటి తరమునందే ఏకరూపముగా నుండును. రెండవ తరమున గుణములు విడివడి ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు, ఒకదాని పింజ కురుచ యగును.

కడపటిది, ఆకు వాడినదన్న దప్పికయే యనునది. రాజోలిబండ కాలువ చివరి భూములవారు నీరు వచ్చిన దినముననే చేను నిండ పెట్టుకొనుటలో ఆతురత నర్థము చేసికొనవచ్చును. కాని నల్లరేగడిలో నీరు నిలిచినచో మట్టిరేణువుల నడుమ గాలి యుండదు. గాలి లేని వేరు ఊపిరాడక నీరు పీల్చు శక్తిని కోల్పోవును. నీటిలో నిలుచుండియే మిరపచేను వాడును. కావున రైతుసోదరులు ఆకు వాడినంతనే మడవ తెరవక, ముందు జానెడు లోతు మన్ను త్రవ్వి చేతితో పట్టి చూడవలయును. తడి యున్నచో నీరు పెట్టుట మాని, నిలిచిన నీరు పోవుటకు కాలువ తీయవలయును.